ఎవరి న్యాయం వారిదేనా?

నెల్లిమర్లలో ఒక ఇంట్లో నిఖా మాటలకు పెద్దల్లో ఒకరిగా మమ్మల్ని కూడా రమ్మన్నారు. విజయనగరం నుంచి పాలకొండ వెళ్ళే రోడ్డులో ఉన్న ఊరది. పక్కనే చంపావతి నది. జనపనార మిల్లు పేరు చెప్పగానే ఆ ఊరు గుర్తొస్తుంది. ఆడపిల్ల తండ్రి కూడా మిల్లులో చమటోడ్చి రిటైరైన మనిషే. మేము కాస్త ముందుగా వెళ్ళాము. మగపెళ్ళివారు జుహర్ నమాజు తర్వాత వస్తారన్నారు. పెళ్ళికూతురి అన్న విశాఖలో చదువుకుంటున్నాడు. అతడు మా పక్కన కూర్చుని కబుర్లలోకి దించాడు. మాట ఎటు నుంచి ఎటు తిరిగిందో గానీ, చివరికి ఇలా అన్నాడు:

“ఏటి చాచా, మంచీ చెడ్డా అని మనం అనుకోవడమే గానీ అవి ఎక్కడున్నాయి? ఒక ఊళ్ళో తప్పు ఇంకో ఊళ్ళో ఒప్పు. ఎవరి న్యాయం వారిది.”

చదువుకున్న పిల్లలు ఇలాంటి మాట అన్నప్పుడు మన పెద్దలు సాధారణంగా ‘తౌబా తౌబా’ అని చెవులు మూసుకుంటారు. అది సరైన పద్ధతి కాదని మా అభిప్రాయం. అతడి మాటలో పస ఉంది. ముందు దాన్ని ఒప్పుకోవాలి.

మన కళ్ళెదుటే చూడండి. మన పొరుగున ఉండే హిందూ సోదరుల్లో అక్క కూతుర్ని చేసుకోవడం చాలా కుటుంబాల్లో మామూలు. మేనరికం కలిసిందని సంతోషిస్తారు. అదే మాట మన ఇంట్లో వినిపిస్తే? అక్క కూతురు సొంత కూతురితో సమానం, ఆ నిఖా హరామ్. దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో పెళ్ళాడకూడని స్త్రీల జాబితా ఉంది. అందులో అన్న కూతురు, అక్క కూతురు కూడా ఉన్నారు. మరి మనలో చిన్నాన్న కూతుర్ని చేసుకోవడం తప్పు కాదు. ఆ మాట పొరుగింటివారు వింటే ‘అన్నాచెల్లెళ్ళ వరస కదండీ!’ అని నోటిమీద వేలేసుకుంటారు. ఒకే వీధిలో, ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే రెండు ఇళ్ళవారు ఒకరి పెళ్ళి చూసి ఒకరు విస్తుపోతారు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. రెండువేల నాలుగు వందల ఏళ్ళ కిందట గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఒక ముచ్చట రాసిపెట్టాడు. పారశీక చక్రవర్తి డేరియస్ తన కొలువులోని గ్రీకులను పిలిచి, మీ తండ్రులు చనిపోతే ఆ శవాన్ని తినడానికి ఎంత సొమ్ము కావాలని అడిగాడట. ప్రపంచమంతా ఇచ్చినా ఆ పని చేయమన్నారు వాళ్ళు. తర్వాత కల్లాటియన్లనే ఒక భారతీయ తెగవారిని పిలిచాడట. వారిలో తల్లిదండ్రుల శవాలను తినడం ఆచారమని హెరోడోటస్ చెబుతాడు. మీ తండ్రుల్ని కాల్చడానికి ఎంత కావాలని అడిగితే, ఆ పాపపు మాట అనవద్దని వాళ్ళు గగ్గోలు పెట్టారట. ఆ తెగ నిజంగా అలా చేసిందా అన్నది వేరే సంగతి. ఆచారమే రాజు అని తేల్చాడు ఆ చరిత్రకారుడు.

ఈ కథ చెప్పగానే కుర్రాడి మొహం వెలిగిపోయింది. “నేనూ అదే అంటున్నాను చాచా” అన్నాడు. కాస్త ఆగమన్నాము. గ్రీకులు కాల్చారు, ఆ తెగవారు మరోలా చేశారు, మనం ఖననం చేస్తాం. కానీ చనిపోయిన తండ్రిని వీధిలో పారేసి పోవాలని ఎవరన్నారు? ముగ్గురూ తమ తండ్రికి గౌరవం చేస్తున్నామనే అనుకున్నారు. పద్ధతి మారింది గానీ, పెద్దల పట్ల బాధ్యత అన్న మూలం మారలేదు. పెళ్ళి వరసల సంగతీ అంతే. గీత ఎక్కడ గీయాలన్న దాంట్లో తేడా ఉంది. గీతే అక్కరలేదన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

అంతలో మగపెళ్ళివారు వచ్చారు. షర్బత్తులు, పలకరింపులు అయ్యాయి. మాటలు మొదలయ్యాక పెళ్ళికొడుకు మామూ గొంతు సవరించుకుని ఒక బండి గురించి, కుర్రాడి వ్యాపారానికి కొంత నగదు గురించి ఎత్తారు. ముందు అనుకున్న మాటల్లో అది లేదు. ఆడపిల్ల తండ్రి తల వంచుకున్నారు. పెళ్ళికూతురి అన్న మాత్రం లేచి నిలబడ్డాడు.

“ఇదెక్కడి అన్యాయం?” అన్నాడు.

“అన్యాయమేముంది బాబూ? మేము అడగడం కాదు, ఇది మా వైపు రివాజు. అందరూ ఇచ్చిపుచ్చుకుంటున్నదే” అన్నారాయన చాలా శాంతంగా.

కుర్రాడు మా వైపు చూశాడు. పొద్దుట తాను చెప్పిన వాదమే మధ్యాహ్నం ఆ పెద్దమనిషి నోటి నుంచి వచ్చింది. ‘మా వైపు ఈ రివాజు లేదు’ అని గనక అతడు అని ఉంటే అది ఇద్దరి అలవాట్ల మధ్య బేరం అయ్యేది. అతడు అనలేదు. ‘అన్యాయం’ అన్నాడు. ఆ మాటకు రెండు వైపులనూ నిలబెట్టి కొలిచే కొలబద్ద ఒకటి కావాలి. ఎవరి న్యాయం వారిదైతే ఆ కొలబద్ద ఎక్కడి నుంచి వస్తుంది?

పాఠకులు ఇక్కడ మమ్మల్ని ఒక నూట పాతికేళ్ళు వెనక్కి పోనివ్వాలి. దూరం కాదు, పక్కనే ఉన్న విజయనగరానికే.

ఈ ప్రాంతమంతా అప్పటి విశాఖపట్నం జిల్లాలో భాగం. ఇక్కడి బ్రాహ్మణ కుటుంబాలు కొన్నింటిలో ఆడపిల్ల తండ్రి డబ్బు తీసుకుని పసిపిల్లను ముసలివాడికి కట్టబెట్టడం ఆచారంగా ఉండేది. దానిపై గురజాడ అప్పారావు గారు రాసిన ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో విజయనగరంలోనే మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. తిరిగి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. గిరీశం, మధురవాణి తెలియని తెలుగువాడు లేడు. అయితే మొదటి కూర్పుకు ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠికలో కొన్ని అంకెలు ఉన్నాయి. వాటిని చదివినవారు తక్కువ. విజయనగరం మహారాజు ఆనంద గజపతి గారు జిల్లా మైదాన ప్రాంతంలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితా వేయించారట. లెక్కకు వచ్చినవి 1034. అంటే ఏడాదికి సుమారు 344. అది కూడా పూర్తి జాబితా కాదని గురజాడ వారే అన్నారు. ఆ పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవారు 44. మూడేళ్ళవారు 36. రెండేళ్ళవారు ఆరుగురు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు.

ముగ్గురు. పాలు మాన్పించని వయసు.

ఇప్పుడు ‘ఎవరి న్యాయం వారిది’ అనే వాదాన్ని ఈ జాబితా పక్కన పెట్టి చూద్దాం. సంఘం దేన్ని ఒప్పుకుంటే అదే ఒప్పు అయితే, 1034 మంది తండ్రులూ ఒప్పు చేసినవారే. తప్పు చేసినవాడు గురజాడ! ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నడిచాడు కదా. ఈ వాదంలో సంస్కర్తకు చోటు లేదు. తన సంఘం తప్పు చేస్తోందని ఒక మనిషి చెప్పే వీలే లేదు. నిజానికి ఆ ఆచారం వారి సొంత గ్రంథాలకు కూడా ఎదురే. కూతురికి వెల పుచ్చుకోరాదని మనుస్మృతిలోనే ఉంది. అంటే ఆచారం వేరు, ఆచారాన్ని కొలిచే సూత్రం వేరు అని ఆ సంఘానికీ తెలుసు. డబ్బు దగ్గర మాత్రం మరిచిపోయారు.

మనం వేలు అటు చూపించి చేతులు దులుపుకోవద్దు. మక్కాలో మహాప్రవక్త ముహమ్మద్ (స) పుట్టిన కాలానికి కొన్ని అరబ్బు తెగలు ఆడశిశువులను సజీవంగా పూడ్చేవి. వారికది కులగౌరవం. అప్పుడు దాన్ని ఖండించిన గొంతు సంఖ్యలో ఎంత చిన్నదో సీరత్ చదివినవారికి తెలుసు. జనం ఓటు వేసి మంచిచెడ్డలు తేలే పనైతే ఆ గొంతు ఓడిపోవాల్సిందే.

కన్యాశుల్కం తర్వాత ఏమైందో చూడండి, ఇది మాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం. ఆ ఆచారం పోయింది, దాని తలకిందులైనది వచ్చి కూర్చుంది. వెనక పిల్లకు వెల కట్టారు, ఇప్పుడు పిల్లవాడికి కడుతున్నారు. రివాజునే కొలబద్దగా పెట్టుకుంటే ఈ రెండూ పూర్తిగా వ్యతిరేకమైనవి, వీటికి పోలిక లేదు. కానీ మామూలు మనిషి రెంటినీ చూసి ఒకే తప్పు అని పోల్చుకుంటాడు: మనిషిని సరుకు చేయడం. డబ్బు ఏ చేతి నుంచి ఏ చేతికి పోయిందన్నది తర్వాతి సంగతి.

1961లో వచ్చిన వరకట్న నిషేధ చట్టం కట్నాన్ని నేరం చేస్తూ, ముస్లింల మహర్‌ను మాత్రం కట్నం నిర్వచనం నుంచి మినహాయించింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. మహర్ వరుడు వధువుకు ఇచ్చేది. తండ్రికి కాదు, అన్నకు కాదు, ఆమెకే. చట్టం మనకు ఆ గౌరవం ఇచ్చింది. మనం మాత్రం మహర్‌ను రిజిస్టరులో ఒక అంకెగా రాసి, బండీ నగదూ పక్క గదిలో మాట్లాడుకుంటున్నాం.

రివాజు మీద కోపంతో రాస్తున్నామని అనుకోవద్దు. ఇస్లామీయ ధర్మశాస్త్రం ఆచారానికి పెద్ద పీటే వేసింది. దాన్నే ‘ఉర్ఫ్’ అంటారు. మహర్ ఎంతో చెప్పకుండా నిఖా జరిగితే, ఆ అమ్మాయి పుట్టింటివైపు స్త్రీలకు ఇచ్చిన మహర్‌ను బట్టి నిర్ణయిస్తారు. దానికి మహరె మిస్ల్ అని పేరు. అంటే ఆ లెక్క నెల్లిమర్లలో ఒకటి, హైదరాబాదులో ఇంకొకటి. పంతొమ్మిదో శతాబ్దంలో ఉస్మానీ ప్రభుత్వం కూర్చిన ‘మజల్లా’ చట్టంలో ఆచారం న్యాయనిర్ణేత అన్న సూత్రాన్ని మొదట్లోనే పెట్టారు. కాకపోతే ఒక షరతు ఉంది. స్పష్టమైన ఆదేశానికి ఎదురు తిరిగిన ఆచారం చెల్లదు. ఎంత అన్నది ఊరు నిర్ణయించవచ్చు, ఎవరికి అన్నది నిర్ణయించలేదు.

ఇక అసలు ప్రశ్న. మంచి అనేది అల్లాహ్ ఆజ్ఞాపించాడు కాబట్టి మంచి అయిందా, లేక మంచిది కాబట్టి ఆజ్ఞాపించాడా? మన పండితులు దీనిపై వందల ఏళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నారు. న్యాయం, అన్యాయం బుద్ధికే తెలుస్తాయని ముతజిలా వర్గం అంది. బుద్ధికి ఆ శక్తి లేదు, దైవాజ్ఞ వల్లనే తెలుస్తాయని క్రీ.శ. 936లో మరణించిన అబుల్ హసన్ అష్అరీ అనుయాయులు అన్నారు. సమర్‌కంద్‌కు చెందిన ఇమామ్ మాతురీదీ మధ్య దారి పట్టారు. మన దేశంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయం విశ్వాస విషయాల్లో ఆయన వెంటే నడిచింది. మంచిచెడ్డలు కొన్నింటిని బుద్ధి గుర్తించగలదు, అయితే పూర్తి బాధ్యత దైవసందేశం అందాకనే అన్నది స్థూలంగా ఆ దారి. ముగ్గురూ ఇంత పోట్లాడుకున్నారు గానీ, మంచిచెడ్డలు ఊరి ఇష్టాన్ని బట్టి ఉంటాయని మాత్రం ఒక్కరూ అనలేదు.

మాకు మాత్రం ఈ పండిత చర్చ కన్నా ఒక సంఘటన ఎక్కువ చెబుతుంది. ప్రవక్తకు (స) దైవసందేశం రావడానికి చాలా ఏళ్ళ ముందు, యమన్‌లోని జబీద్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు మక్కాలో సరుకు అమ్మాడు. కొన్నవాడు ఆస్ బిన్ వాయిల్ అనే పలుకుబడి గల ఖురైషీ పెద్ద. డబ్బు ఎగ్గొట్టాడు. ఆ పరదేశి కాబా దగ్గర నిలబడి మొర పెట్టుకున్నాడు. అతడికి ఆ ఊళ్ళో తెగ లేదు, దిక్కు లేదు. అప్పుడు కొందరు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమై, మక్కాలో అన్యాయానికి గురైనవాడు ఎవరైనా సరే అతడి పక్షాన నిలబడతామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. యువకుడైన ముహమ్మద్ (స) అక్కడ ఉన్నారు. తర్వాతి రోజుల్లో, ఇస్లాం వచ్చాక కూడా ఆ ప్రమాణం పేరు చెప్పి పిలిస్తే తాను వెళ్తానని ఆయన అన్నట్టు సీరత్ గ్రంథాలు చెబుతాయి. గమనించండి. ప్రమాణం చేసినవారు విగ్రహారాధకులు. మోసపోయినవాడు పరాయివాడు. దైవసందేశం ఇంకా రాలేదు. అయినా అది అన్యాయమని అందరికీ తెలిసింది.

నెల్లిమర్ల దగ్గరి రామతీర్థం కొండల మీద బౌద్ధ విహారాల శిథిలాలు, జైన అవశేషాలు ఉన్నాయి. కింద రామాలయం ఉంది. అక్కడి భిక్షువులూ, జైన మునులూ, పూజారులూ దేవుడి గురించి చెప్పింది ఒకటి కాదు. దొంగతనం మంచిదని మాత్రం ఏ కొండ మీదా ఎవరూ చెప్పలేదు.

అయితే ఈ వాదానికి రెండో వైపు ఉంది. దాన్ని దాటవేస్తే మేము నిజాయితీ తప్పినట్టే. మారని సూత్రాలున్నాయని నమ్మేవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తనకు తెలిసిందే ఆ సూత్రం అనుకుంటాడు. దొంగతనం నేరమని ఖుర్ఆన్ శిక్ష చెప్పింది. అయినా హిజ్రీ 18లో కరువు వచ్చినప్పుడు ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) ఆ శిక్షను నిలిపివేశారు. ఇంకోసారి హాతిబ్ ఇంటి బానిసలు ఒకరి ఒంటెను దొంగిలించి కోసుకున్నారు. ముందు శిక్ష వేయబోయి, వారిని యజమాని ఆకలితో మాడుస్తున్నాడని తెలుసుకుని, ఆగిపోయారు. ఒంటె ఖరీదు నాలుగు వందల దిర్హములని తేలితే, యజమానినే ఎనిమిది వందలు కట్టమన్నారు. ఇమామ్ మాలిక్ గారి ‘మువత్తా’లో ఈ తీర్పు ఉంది. సూత్రం మారలేదు. దొంగ ఎవరన్న విచారణ లోతుకు పోయింది.

ఆ తీర్పులోనే ముల్లు కూడా ఉంది. వాళ్ళు బానిసలు. బానిసలను విడిపించడం గొప్ప పుణ్యమని బోధించిన సమాజంలోనే బానిసత్వం ఎన్నో శతాబ్దాలు సాగింది. ట్యునీషియా పాలకుడు అహ్మద్ బే 1846లో రద్దు చేశారు. సౌదీ అరేబియాలో 1962లో, మౌరిటానియాలో 1981లో గానీ పోలేదు. మన దేశంలో వెట్టిచాకిరిని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1976లో. దీన్ని చూపి ‘చూశారా, నీతి కాలంతో మారింది’ అంటారు కొందరు. మేమలా అనుకోము. నీతి మారలేదు, మన చూపు ఆలస్యమైంది. నీతే మారిందంటే, 1961లో ఆ బానిసకు జరిగింది అన్యాయం కాదని, 1962లో అన్యాయమైందని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట ఆ బానిస ముఖం మీద ఎవరు చెప్పగలరు?

ప్రపంచ పెద్దలు కూడా ఈ ముడి దగ్గర తడబడ్డారు. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటన తయారవుతుండగా 1947లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘం అభ్యంతరం చెప్పింది. పాశ్చాత్యుల విలువలను అందరి మీదా రుద్దకూడదు అన్నది వారి భయం. వలస పాలనలో నలిగిన జాతులను చూసి పుట్టిన భయమది, తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అయినా 1948 డిసెంబరు 10న ఆ ప్రకటన ఆమోదం పొందింది. అనుకూలం 48, వ్యతిరేకం సున్నా, తటస్థం 8. సౌదీ అరేబియా తటస్థంగా ఉండగా పాకిస్తాన్ అనుకూలంగా ఓటు వేసింది. ఒకే మతం, రెండు ఓట్లు. మొదటి అధికరణంలో పురుషులందరూ అన్న అర్థం వచ్చే మాటను మానవులందరూ అని మార్పించింది మన దేశం పంపిన హంసా మెహతా గారు. అభ్యంతరం చెప్పిన ఆ శాస్త్రవేత్తల సంఘమే 1999లో తన వైఖరి మార్చుకుని మానవ హక్కులను సమర్థిస్తూ ప్రకటన చేసింది.

ఇక నెల్లిమర్ల ఇంటికి వద్దాం. మాటలు ఎటూ తెగలేదు. ఇంకోసారి చాయ్ వచ్చింది. ఆడపిల్ల తండ్రి అప్పు చేసైనా సర్దుతాననే ధోరణిలో పడుతున్నారు. అప్పుడు లోపలి గదిలోంచి అమ్మాయి ఖాలా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“మహర్ ఎంతని రాస్తున్నారో ముందు చెప్పమంటోంది అమ్మాయి. రాసింది ఎంతైనా సరే, నిఖా రోజునే తన చేతికి రావాలంటోంది.”

గది నిశ్శబ్దమైంది. మహర్ వెంటనే చెల్లించేదైతే ముఅజ్జల్, తర్వాత చెల్లించేదైతే ముఅజ్జలే అయినా రాత వేరు. మన నోట రెండూ ఒకేలా పలుకుతాయి. ఆ తేడా తెలియనట్టు ఎన్ని ఇళ్ళలో ఎన్నేళ్ళు గడిపేశామో.

“అది దొరికినప్పుడు ఇస్తారమ్మా. రివాజు అదే కదా” అన్నారు మామూ. ఈసారి ఆయన గొంతులో మొదటి శాంతం లేదు. పెళ్ళికొడుకు మాత్రం అప్పటిదాకా వంచిన తల ఎత్తి, “ఎంత ఉంటే సరిపోతుందని అడగండి” అన్నాడు మెల్లగా. మామూ అతడి మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. మాటలు వచ్చే శుక్రవారానికి వాయిదా పడ్డాయి.

కుర్రాడు మమ్మల్ని బస్సు దాకా సాగనంపడానికి వచ్చాడు. దారిలో చాలాసేపు మాట్లాడలేదు. బస్సు వచ్చే ముందు, “నాటకం చదివాను గానీ ఆ పీఠిక చదవలేదు చాచా, ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగాడు. విజయనగరం వస్తే మా దగ్గర ఉన్న ప్రతి ఇస్తామన్నాము. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

“ఐదేళ్ళూ, అంతకన్నా చిన్నవాళ్ళూ కలిపి నూట ఎనభై ఎనిమిది మందా?” అన్నాడు.

అవునన్నాము. బస్సు వచ్చింది.